అమ్మ సంతకం

డిసెంబరు 19, శుక్రవారం. తెనాలి.

గుడి మైకు మొదలవగానే మెలకువ వచ్చింది. ధనుర్మాసం కదా, ఐదు దాటకముందే ఊరంతా లేస్తుంది. అమ్మ కూడా లేచే ఉంది, కానీ కదల్లేదు. ఆరింటి మాత్ర పడితేగానీ ఒళ్ళు వదులవదు. పార్కిన్సన్స్ వచ్చి ఆరేళ్ళయింది. సిండోపా రోజుకు నాలుగుసార్లు: ఆరు, పది, రెండు, మళ్ళీ సాయంత్రం ఆరు. మా ఇంట్లో ఇప్పుడు అసలు గడియారం ఇదే. ఎవరు ఎప్పుడు రావాలన్నా, అమ్మ ఎప్పుడు స్నానం చేయాలన్నా మాత్ర వేళ చూసే చెబుతాం.

మొదట్లో పెరుగన్నం పెట్టి, వెంటనే మాత్ర వేసేదాన్ని. ఖాళీ కడుపున మందు మింగితే వికారం పెడుతుందని నా భయం. రెండు గంటలైనా చేతులు బిగుసుకునే ఉండేవి. పప్పు, పాలు, పెరుగు లాంటి మాంసకృత్తులున్న తిండితో కలిస్తే ఆ మందు ఒంటికి సరిగా పట్టదనీ, తిండికి అరగంట ముందే వేయాలనీ డాక్టరు గారు చెప్పాక తెలిసింది. ఆ కొన్ని నెలలూ అమ్మ అనవసరంగా బాధపడింది. ఆ మాట తలచుకుంటే ఇప్పటికీ కడుపులో దేవినట్టుంటుంది.

ఏడింటికి తమ్ముడి ఫోన్. అట్లాంటాలో రాత్రి ఎనిమిదిన్నర. నాన్న వీలునామా రాయడానికి వకీలు గారు ఇవాళ వస్తున్నారని వాడికి ముందే చెప్పాను. "నన్ను కూడా లైన్లో ఉంచక్కా" అన్నాడు. పాపం, మర్నాడు వాడికి ఆఫీసు. అయినా మేలుకుంటానన్నాడు.

పొలం, ఇల్లు నాన్న బతికుండగానే మా ఇద్దరికీ గిఫ్ట్ డీడ్ రాసేస్తే టెన్షన్ ఉండదని వేసవిలో వాడే అన్నాడు. దురాశతో అన్న మాట కాదు, నాకు తెలుసు. దూరంలో ఉన్నవాడికి కాగితాల పని ఒక్కసారిగా తేలిపోతే మనసు తేలికవుతుంది. అప్పుడు వకీలు గారే వివరంగా చెప్పారు. విదేశంలో స్థిరపడినవాళ్ళు ఇక్కడ వ్యవసాయ భూమి కొనడానికీ లేదు, దానంగా తీసుకోవడానికీ లేదు. వారసత్వంగా వస్తే మాత్రం తీసుకోవచ్చు. పైగా దానపత్రం రిజిస్టరైన రోజే ఆస్తి చేయి దాటిపోతుంది, స్టాంపు డ్యూటీ కూడా కట్టాలి. వీలునామాకు స్టాంపు డ్యూటీ లేదు, ఎన్నిసార్లయినా మార్చుకోవచ్చు, ఆఖరున రాసిందే చెల్లుతుంది. నాన్నకు అసలు విషయం అప్పుడే అర్థమైంది. నాన్నతోపాటు పనిచేసిన ఒక మాస్టారు ఇల్లు కొడుకుకి రాసిచ్చి, తర్వాత అన్నం కోసం ఆర్డీవో ఆఫీసు చుట్టూ తిరిగారు. 2007 నాటి తల్లిదండ్రుల పోషణ చట్టం కింద అలాంటి దానాన్ని రద్దు చేయించుకోవచ్చు, కానీ చూసుకోవాలన్న షరతు మీద ఇచ్చినట్టు తేలాలి. ఆయన పత్రంలో అది లేదు. నమ్మకంతో ఇచ్చేవాడు షరతు ఎందుకు రాయిస్తాడు?

తొమ్మిదింటికి అమ్మను నడిపించాను. గదిలోంచి వసారాలోకి రావాలంటే గడప దగ్గర కాళ్ళు నేలకి అతుక్కుపోతాయి. మనం చేయి పట్టి లాగితే పడిపోతుంది. ఫిజియోథెరపీ అబ్బాయి చెప్పినట్టు నేల మీద అడుగుకొకటి చొప్పున తెల్ల టేపు అంటించాను. నడవడానికి రాని కాలు, గీత దాటమంటే లేస్తుంది. ఎందుకో నాకు పూర్తిగా అర్థం కాదు కానీ రోజూ కళ్ళతో చూస్తున్నాను. మొదటిరోజు ఆ గీతలు చూసి, "చుక్కల్లేకుండా ఇవేం ముగ్గులే" అంది అమ్మ. ఒకప్పుడు ఈ నెలంతా మా వాకిట్లో ఇరవై ఒక్క చుక్కల ముగ్గు తగ్గేది కాదు. ఇప్పుడు ఎదురింటి పిల్ల వచ్చి చిన్నది వేసి వెళ్తోంది. అమ్మ కుర్చీలోంచి చూస్తుంది, ఎక్కడ గీత తప్పిందో చెబుతుంది. ఆ గొంతు వాకిలి దాకా వినిపించదు. నేను వెళ్ళి చెబుతాను.

ఈ గొంతు సంగతి ఇవాళ నన్ను చాలా బాధపెట్టింది. అందుకే రాస్తున్నాను.

పదకొండింటికి వకీలు గారు వచ్చారు. నాన్న దగ్గర ఏడో తరగతి చదువుకున్నాయన, ఇప్పటికీ "మాస్టారూ" అంటూ నిలబడే మాట్లాడతారు. నాన్న ఇనప్పెట్టె తీసి అన్నీ బల్ల మీద పరిచాడు. దస్తావేజులు, పాసు పుస్తకాలు, ఇంటి పన్ను రసీదులు, బ్యాంకు బాండ్లు. "బ్యాంకు డబ్బుకి నామినీగా అమ్మాయిని పెట్టాను, దానికి ఇబ్బంది లేదు" అన్నాడు. నామినీ అంటే బ్యాంకు డబ్బు చేతికిచ్చే మనిషే తప్ప హక్కుదారు కాదనీ, ఆ డబ్బు వీలునామా ప్రకారం, అది లేకపోతే వారసులందరికీ చెందుతుందనీ వకీలు గారు చెబితే నాన్న మొహంలో రంగు మారింది. నాకూ కొత్తే.

ఇంటి దగ్గరకి వచ్చేసరికి కాసేపు ఆగాం. వీలునామా లేకపోతే ఇల్లు అమ్మకీ, నాకూ, తమ్ముడికీ మూడు సమాన భాగాలవుతుంది. అలా కాకుండా అమ్మ బతికున్నంతకాలం అనుభవించేలా రాద్దామా అని ఆయన అడిగారు. అలాంటి హక్కు గురించి కోర్టుల్లో వాదాలు నడుస్తుంటాయని కూడా ఆయనే అన్నారు. నాన్న ఎక్కువ ఆలోచించలేదు. "అరకొర హక్కెందుకయ్యా? ఇల్లు పూర్తిగా ఆవిడ పేరే రాయి. నా తర్వాత ఎవరూ ఆవిడ్ని లేవమనకూడదు" అన్నాడు. ఫోన్లో తమ్ముడు, "అదే కరెక్ట్ నాన్నా" అన్నాడు. నాకు గొంతు పట్టేసింది.

"అలాగైతే ఆ తర్వాత అమ్మగారు కూడా ఒకటి రాయాలి మాస్టారూ. అసలు ఆ అరవై సెంట్లు ఎలాగూ ఆవిడవే కదా" అన్నారు వకీలు గారు.

అరవై సెంట్లు పసుపు కుంకుమ కింద తాతయ్య 1968లో అమ్మకిచ్చిన మాగాణి. "అదీ ఇందులోనే కలిపి రాసెయ్" అన్నాడు నాన్న, మామూలుగా. కుదరదన్నారాయన. 1956 నాటి హిందూ వారసత్వ చట్టం ప్రకారం అది పూర్తిగా అమ్మ సొంతం, దాని గురించి రాయగలిగేది అమ్మ ఒక్కతే.

అప్పుడు అందరం అమ్మ వైపు చూశాం. గంట నుంచీ అక్కడే కుర్చీలో కూర్చుని ఉంది. ఆమె పేరు అప్పటికి ఎన్నిసార్లు అనుకున్నామో లెక్కలేదు. ఒక్కసారి కూడా ఆమెను ఏమీ అడగలేదు. రోజుకు నాలుగుసార్లు మాత్ర వేసే నేను కూడా అడగలేదు. గొంతు చిన్నబోయిన మనిషికి చెప్పడానికి ఏమీ ఉండదని ఎప్పుడు అనుకున్నానో నాకే తెలియదు.

పది మాత్ర పనిచేస్తున్న వేళ. మాట స్పష్టంగానే ఉంది, చిన్నగా ఉందంతే. నేను కింద కూర్చుని, ఆమె నోటి దగ్గర చెవి పెట్టి, విన్నది విన్నట్టు పైకి చెప్పాను.

"ముందు ఈ సంక్రాంతి కౌలు నా చేతికి ఇమ్మనండి."

యాభై ఏడేళ్ళుగా ఆ కౌలు నాన్న లెక్కల పుస్తకంలోకే వెళ్ళింది. మా ఫీజులకీ, నా పెళ్ళికీ, ఈ ఇంటి స్లాబుకీ. ఒక్క రూపాయి వృథా చేసిన మనిషి కాదు నాన్న. చాలాసేపటికి, "ఇన్నేళ్ళూ ఒక్కసారైనా అడగలేదేం?" అన్నాడు.

"మీరే ఇస్తారేమోనని చూశా."

వకీలు గారు తల దించుకుని కాగితాలు సర్దుకున్నారు. ఫోన్లో తమ్ముడు ఏమీ అనలేదు. తర్వాత ఆ పొలం ఎవరికి రాస్తావని అడిగితే, "కౌలు రానివ్వండి, చెబుతా" అంది. అంతే, ఇక మాట్లాడలేదు.

వకీలు గారు వెళ్ళేముందు నేను వాకిట్లో సంతకం విషయం అడిగాను. పోయిన వారం డిపాజిట్ రెన్యువల్ కాగితం మీద అమ్మ సంతకం పోలలేదని బ్యాంకులో వెనక్కి ఇచ్చారు. అక్షరాలు మామూలుగా మొదలై, పోనుపోనూ చిన్నవైపోయి చివరికి గీతలా అణిగిపోతాయి. ఇదీ ఆ జబ్బు లక్షణమే. వీలునామాకు వేలిముద్ర చాలునట. ఇద్దరు సాక్షులు ఆమె ముద్ర వేయడం చూసి, ఆమె ఎదుటే సంతకాలు చేయాలి. ఒకరు డాక్టరు గారైతే ఆమె తెలివితోనే రాయించిందనడానికి బలం. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు, అయినా చేయిస్తే మంచిది. డాక్టరు సర్టిఫికెట్‌తో దరఖాస్తు చేసి ఫీజు కడితే సబ్ రిజిస్ట్రారు ఇంటికే వస్తారు.

వేలిముద్ర మాట అమ్మకు చెప్పగానే తల అడ్డంగా ఊపింది. ఎనిమిదో తరగతి దాకా చదివింది. అక్కచెల్లెళ్ళలో సంతకం వచ్చిన మనిషి ఆమె ఒక్కతే. పాత పాసు పుస్తకంలో ఫోటో కింద ఆ సంతకం ఇప్పటికీ ఉంది, గుండ్రంగా, కింద ఒక చిన్న గీతతో.

మధ్యాహ్నం బజారుకెళ్ళి పిల్లలు రాసుకునే నాలుగు గీతల కాపీ పుస్తకం తెచ్చాను. నేల మీద గీత చూస్తే కాలు లేస్తోంది కదా, చేతికీ గీత సాయం చేస్తుందేమోనని. రెండింటి మాత్ర వేసిన ముప్పావుగంటకి రాయించాను. మొదటి వరుసలో అక్షరాలు గీతల మధ్య నిలబడ్డాయి. మూడో వరుసకి మళ్ళీ కుంచించుకుపోయాయి. "పైగీత తాకించమ్మా" అంటే తాకించింది. ఆరు వరుసలు రాసి పెన్ను పడేసింది. చెమట తుడిచాను.

సాయంత్రం నాన్న కౌలు రైతుకి ఫోన్ చేశాడు. "ఈసారి రెండూ కలిపి తేవద్దయ్యా. అమ్మగారి అరవై సెంట్లది విడిగా కట్టి, ఆవిడ చేతికే ఇవ్వాలి" అన్నాడు. తర్వాత లెక్కల పుస్తకంలో కొత్త పేజీ తీసి పైన అమ్మ పేరు రాశాడు. ఇంటిపేరుతో సహా, పూర్తిగా.

కౌలు రైతు భోగి ముందురోజు పొద్దున్నే వస్తానన్నాడట. పదికి మాత్ర వేస్తే పదకొండుకి అమ్మ చేయి బాగా విచ్చుకుంటుంది. పదకొండు తర్వాతే రమ్మని రేపు గుర్తుగా చెప్పాలి.