ఎర్ర పటం మీద ‘యాడి’

ఈ రోజు నాలుగో తరగతి పటాలు పూర్తయ్యాయి. పాత క్యాలెండర్ల వెనుకవైపు ఎర్రరంగు పూసి, కాగితాలను మైదా జిగురుతో ఒకదాని కింద ఒకటి అతికించి, పైనా కిందా వెదురుపుల్లలు కట్టాం. పిల్లలు విప్పడం, చుట్టడం, మళ్లీ విప్పడం. భోజనం గంట మోగినా ఎవరూ కదలలేదు.

తెలంగాణలోని చేర్యాలలో నకాషీ చిత్రకారులు గీసే కథల పటాలు చూసి పుట్టిన ఆలోచన ఇది. ఖాదీ గుడ్డకు చింతగింజల అంబలి, సుద్దమట్టి, జిగురు కలిపి పూతపెట్టి, ఎర్రరంగు నేపథ్యం మీద గడికొక ఘట్టం గీస్తారు. విప్పుతూ పాడి చెప్పే కథ అది. పద్మశాలీలకు కూనపులివారు మార్కండేయ పురాణం చెబుతారు, మాదిగలకు డక్కలివారు జాంబపురాణం చెబుతారు. మీ మూలం ఇదీ అని ఊరి నడుమ నిలబడి చెప్పే పటాలంటే నాకు ప్రాణం. అయినా తరగతిలోకి తేవడానికి వారం రోజులు తటపటాయించాను. పిల్లలను కులాలవారీగా విడదీసే పని నా చేతుల మీదుగా జరగకూడదు. అందుకే ఒక్కటే అడిగాను: మీ ఇంట్లోవాళ్ల చేతులు ఏ పని చేస్తాయో గీయండి.

బీడీలు చుట్టే వేళ్లు వచ్చాయి, తాపీ పట్టిన చెయ్యి వచ్చింది. ఒక పిల్లవాడు నాలుగు గడుల్లోనూ నానమ్మ ముంజేతినే గీశాడు, పచ్చబొట్టు చుక్కలు ఒక్కటీ మరచిపోకుండా.

తండా నుంచి వచ్చే అమ్మాయి తరగతిలో పెద్దగా నోరు విప్పదు. అద్దాల రవిక కుడుతున్న తల్లిని గీసింది. అద్దాల కోసం చాక్లెట్ల వెండి కాగితాన్ని గోటితో సాపుచేసి, చిన్న చిన్న ముక్కలుగా కత్తిరించి అంటించింది. కింద ‘యాడి’ అని రాసింది. “తప్పు, అమ్మ అని రాయాలి” అన్నాడు పక్క పిల్లవాడు. ఆ అమ్మాయి రబ్బరు చేతిలోకి తీసుకుని నా వైపు చూసింది.

ఆ రబ్బరు తీయడం నేర్పింది నేనే. లంబాడీ భాషలో తల్లిని పిలిచే మాట అది, ఆమెకు మొట్టమొదట వచ్చిన మాట. జూన్ నుంచి ఆమె నోటుపుస్తకంలో ఇలాంటి మాట కనబడినప్పుడల్లా ఎర్రసిరాతో కొట్టేస్తూ వచ్చాను. తెలుగు నేర్పడమంటే అదే అనుకున్నాను. నాకు గొంతు పట్టేసింది. “తప్పు కాదమ్మా, ఉండనీ” అన్నాను. రబ్బరు మళ్లీ పెట్టెలోకి వెళ్లింది.

తన వంతు వచ్చినప్పుడు పుల్లతో గడులు చూపుతూ సగం తెలుగులో, సగం తన భాషలో కథ చెప్పింది. ఇన్ని నెలల్లో అంతసేపు ఆమె గొంతు నేను వినలేదు. తప్పన్న పిల్లవాడు ‘యాడీ’ అని సాగదీస్తే, అలా కాదని రెండుసార్లు పలికి చూపింది. వాడు శ్రద్ధగా నేర్చుకున్నాడు.

ఇంటికి వచ్చాక ఆమె నోటుపుస్తకం తీశాను. నేను కొట్టేసిన మాటలు పద్నాలుగు. రేపు ఆమెను పక్కన కూర్చోబెట్టుకుని ఒక్కో మాటకూ అర్థం అడిగి రాసుకోవాలి. ఇంకా పదకొండు పటాల కథలు వినవలసి ఉంది. మైదా కూడా అయిపోయింది, పొద్దున్నే కొనాలి.