డూమ్ అడిగింది పెట్టె మాత్రమే

“ఓర్నీ, వీడు రోబోటా!” విజయవాడ లెనిన్ సెంటర్ పాత పుస్తకాల షాపులో ఇవాళ పక్కనున్న కుర్రాడు పైకే అనేశాడు. చేతిలో మార్వెల్ వాళ్ల సూపర్‌హీరో కామిక్ ఫెంటాస్టిక్ ఫోర్ 5వ సంచిక రీప్రింట్. అసలు సంచిక 1962 జులైది, రచయిత స్టాన్ లీ, బొమ్మలేసిన జాక్ కర్బీల పని.

విలన్ డాక్టర్ డూమ్ కనిపించిన మొదటి కథలోనే అతని నకిలీ కూడా ఉన్నాడు. ఆ నలుగురు హీరోల్లో ఒకడైన థింగ్ కసికొద్దీ మీద పడితే తేలేది మరమనిషని. తర్వాతి రచయితలకి భలే సందు దొరికింది. డూమ్ ఓడిపోయాడా? అబ్బే, అది రోబోట్ లెండి!

నాకు మాత్రం పెట్టె సంగతే ఇష్టం. హీరోల్లో ముగ్గుర్ని టైమ్ మెషిన్‌లో గతంలోకి పంపి, 48 గంటల్లో సముద్రపు దొంగ బ్లాక్‌బియర్డ్ నిధిపెట్టె తెమ్మంటాడు డూమ్. అతనికి కావాల్సింది లోపలున్న మాంత్రికుడు మెర్లిన్ రత్నాలు. జట్టు నాయకుడు రీడ్ నిధి తీసేసి గొలుసులు నింపి ఇస్తాడు. అచ్చం తెనాలి రామలింగడి లెక్క!

ఇంతకీ ఆ బ్లాక్‌బియర్డ్ ఎవరంటే, గడ్డం తగిలించుకున్న మన థింగే. చరిత్రలో ఆ పేరున్న ఎడ్వర్డ్ టీచ్ 1718లోనే పోయాడు.

మొదటి పేజీలు గబగబా తిప్పేయకండి. అక్కడ జట్టులోని జానీ చదువుతున్నది హల్క్ కామిక్. అదే కంపెనీ, అదే ఏడాది మొదలైంది. కథలోనే ప్రకటన, పైసా ఖర్చు లేకుండా.