మొదటి జీతం దాకా

ఉమ్మడి అనంతపురం జిల్లాలో ప్రభుత్వ సొమ్ముతో నడిచే ఒక శిక్షణ కేంద్రంలో నేను రెండేళ్లపాటు ఇంగ్లీషు, కంప్యూటరు పాఠాలు చెప్పాను. ఉపాధి హామీ పనికి వెళ్లే ఇళ్ల నుంచి, బియ్యం కార్డు మీదా ముసలివాళ్ల పింఛను మీదా నెల గడుపుకునే ఇళ్ల నుంచి వచ్చిన పిల్లలే అక్కడ ఎక్కువ. ఇలాంటి పథకాల మంచిచెడ్డలు మాట్లాడేటప్పుడు శిక్షణ బాగా ఇచ్చారా, ఎంతమందికి ఉద్యోగం చూపించారు అన్నవే అందరూ అడుగుతారు. నా అనుభవంలో అసలు కష్టం ఆ తర్వాత మొదలవుతుంది. ఉద్యోగంలో చేరిన రోజుకూ, నిండు జీతం చేతికందిన రోజుకూ మధ్య గడిచే ఏడెనిమిది వారాలను దాటించే ఏర్పాటు సరిగా లేకపోవడం వల్లే ఎంతోమంది వెనక్కి వచ్చేస్తున్నారని నేను గట్టిగా నమ్ముతున్నాను.

మా జిల్లాకు ఈ విషయంతో పాత అనుబంధం ఉంది. 2005లో చేసిన ఉపాధి హామీ చట్టం అమలును అప్పటి ప్రధాని మన్మోహన్ సింగ్ 2006 ఫిబ్రవరి 2న నార్పల మండలం బండ్లపల్లిలో ప్రారంభించారు. గ్రామీణ యువతకు శిక్షణ ఇచ్చి ప్రైవేటు కంపెనీల్లో చేర్పించడానికి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఈజీఎంఎం అనే సంస్థను ఏర్పాటు చేసింది కూడా 2005లోనే. ఆ తర్వాత 2014 సెప్టెంబరు 25న కేంద్రం దీన్‌దయాళ్ ఉపాధ్యాయ గ్రామీణ కౌశల్య యోజనను ప్రారంభించింది. మా కేంద్రం నడిచిన ఆ పథకంలో 15 నుంచి 35 ఏళ్ల వయసువారికి, ఆడవాళ్లకైతే 45 ఏళ్ల వరకు, శిక్షణ ఉచితం. హాస్టల్లో ఉండి నేర్చుకునేవారికి తిండి, బస కూడా ఉచితమే. శిక్షణ పొందినవారిలో కనీసం 70 శాతం మందికి ఉద్యోగం చూపించాలి, వాళ్లు కనీసం మూడు నెలలైనా అందులో నిలవాలి అన్నది నేను పనిచేసిన రోజుల్లో నిబంధన. శిక్షణ సంస్థకు డబ్బు విడతలవారీగా వచ్చేది, చివరి విడతలు ఈ లెక్కను బట్టే విడుదలయ్యేవి.

2022 వేసవిలో కుట్టుమిషన్ బ్యాచ్‌లో చేరిన ఒక అమ్మాయి గురించి చెప్పాలి. ఇరవై ఏళ్లుంటాయి, ఇంటర్ మధ్యలో ఆపేసింది, అంతకుముందు రెండు వేసవులు అమ్మతోపాటు చెరువు పూడిక పనికి వెళ్లింది. గార్మెంట్స్ శిక్షణలో మొదటి కొన్ని రోజులు సూదికి దారం ఎక్కించరు. తెల్లకాగితం మీద గీతలు, గడులు, సుడులు గీసి ఇచ్చి, వట్టి సూదితో వాటి మీదుగా మిషన్ నడపమంటారు. మోటారు మిషన్ కాబట్టి పాదం ఏమాత్రం బలంగా ఆనినా అది ఒక్కసారిగా పరుగెత్తుతుంది. మొదట్లో ఆ అమ్మాయి కాగితాలన్నీ మలుపు దగ్గర చిరిగిపోయేవి. ఎనిమిదో రోజు కాబోలు, నా క్లాసుకు వచ్చేటప్పుడు ఒక కాగితం తెచ్చి కిటికీకి అడ్డంగా పట్టుకుంది. సుడి చివరిదాకా సూది రంధ్రాలు ఒక్కటి కూడా గీత దాటలేదు, వాటిలోంచి సన్నగా వెలుగు చుక్కలు చుక్కలుగా కనిపిస్తోంది. రెండేళ్లలో ఆ పిల్లల ముఖాల్లో నేను చూసిన సంతోషాలన్నిటిలోకీ అది నాకు బాగా గుర్తుండిపోయింది.

ఆ నెలాఖరులో వాళ్లమ్మ వచ్చింది. కూతురి చదువు ఎలా సాగుతోందని కాక ఆమె అడిగిన మొదటి మాట ఇది: "మేడమ్, పిల్ల ఉద్యోగానికి పోతే మా బియ్యం కార్డు తీసేస్తారంట గదా? ముసలామె పింఛను గూడా నిలిపేస్తారంట?" ఈ భయం ఊరికే పుట్టింది కాదు. రాష్ట్రంలో బియ్యం కార్డుకు పల్లెల్లో కుటుంబ ఆదాయం నెలకు 10,000 రూపాయలు, పట్టణాల్లో 12,000 రూపాయలు దాటకూడదన్న నిబంధన ఉంది. గార్మెంట్స్‌లో కొత్తగా చేరే అమ్మాయి జీతం దాదాపు ఆ గీత దగ్గరే ఉంటుంది. బెంగళూరులో గది అద్దె, తిండి పోగా ఆమె ఇంటికి పంపగలిగేది రెండు మూడు వేలు. కాగితం మీద మాత్రం ఆ ఇంటి ఆదాయంలో జీతమంతా లెక్కకు వస్తుంది. నిలకడ ఉంటుందో లేదో తెలియని ఉద్యోగం కోసం నిలకడగా వచ్చే బియ్యాన్ని పణంగా పెట్టడానికి ఏ తల్లి అయినా వెనకాడుతుంది. ఆమెను అమాయకురాలనడానికి నాకు మనసొప్పదు, ఆ ఇంట్లో అందరికంటే లెక్క బాగా తెలిసిన మనిషి ఆమే.

శిక్షణ కాలానికి కూడా ఒక ఖరీదు ఉంది. ఆ ఏడాది మన రాష్ట్రంలో ఉపాధి హామీ కూలి రోజుకు 257 రూపాయలు. పని ఎక్కువగా దొరికేది వేసవిలోనే, సరిగ్గా ఆ మూడు నెలలూ ఆ ఇంట్లో ఒక మనిషి కూలి ఆగిపోయింది. ఈ లోటును గుర్తించే 2019 చివర్లో కేంద్రం ఉన్నతి అనే ప్రాజెక్టు తెచ్చింది. ఉపాధి హామీలో నూరు రోజుల పని పూర్తిచేసిన కుటుంబంలో 18 నుంచి 45 ఏళ్లలోపు ఒకరికి శిక్షణ ఇప్పిస్తూ, గరిష్ఠంగా 100 రోజుల వరకు కూలితో సమానమైన భృతి ఇవ్వడం అప్పట్లో దాని పద్ధతి. ఆలోచన చాలా మంచిది. అయితే నూరు రోజులు నిండే ఇళ్లు ఏ ఊళ్లో చూసినా తక్కువే. ఆ అమ్మాయి ఇంటి జాబ్ కార్డులో అంతకుముందు ఏడాది డెబ్బై చిల్లర రోజులే పడ్డాయి కాబట్టి ఆ భృతి వాళ్లకు అందలేదు.

శిక్షణ ముగిశాక ఆమెకు బెంగళూరు శివార్లలో ఉద్యోగం దొరికింది. నెల మధ్యలో చేరింది. వాళ్లమ్మ పొదుపు సంఘంలో తెచ్చిన మూడు వేలలో హాస్టల్ అడ్వాన్సుకే రెండు వేలు పోయాయి. మొదటి నెల జీతం సగం రోజులకే లెక్కకట్టి, పీఎఫ్, ఈఎస్ఐ పట్టుకుని, తర్వాతి నెల పదో తేదీకి వేశారు. అప్పటికే తోటి అమ్మాయిల దగ్గర చేబదులు అయింది, ఆ జీతం దానికి సరిపోయింది. రెండో నెల చివర్లో నానమ్మకు జబ్బు చేసిందని ఊరికి వచ్చింది, తిరిగి వెళ్లడానికి చేతిలో డబ్బు లేదు. రాష్ట్రం దాటి ఉద్యోగానికి వెళ్లినవారికి ఆరు నెలలపాటు నెలకు 1,000 రూపాయల సాయం ఇవ్వాలని కౌశల్య యోజనలోనే ఉంది. ఆ సొమ్ము ఆమె ఖాతాలో పడేనాటికి ఆమె ఊరు చేరి నెల దాటిపోయింది.

ఆ రోజుల్లోనే మా శిక్షణ కేంద్రం బాధ్యులు నన్ను పిలిచి, ఆ అమ్మాయి మూడో నెల జీతం చీటీ రాలేదని, ఫోన్ చేసి ఎలాగైనా తెప్పించమని చెప్పారు. ఎందుకు తిరిగి వచ్చిందో కనుక్కోమని ఒక్కరూ అనలేదు, ఆ మాట రాసుకోవడానికి వాళ్ల పట్టికలో గడి కూడా లేదు. నాకు చాలా బాధ కలిగింది, ఆ తర్వాత ఎక్కువ కాలం అక్కడ ఉండలేకపోయాను.

నేను కోరేవి పెద్ద మార్పులు కావు. ఆ వెయ్యి రూపాయలు జీతం చీటీల కోసం ఎదురుచూడకుండా, ఉద్యోగానికి బయలుదేరే రోజునే మొదటి రెండు నెలలవి కలిపి చేతికివ్వాలి. ఉద్యోగంలో చేరిన మొదటి ఏడాది ఆ జీతం కారణంగా కార్డు గానీ పింఛను గానీ తీసేయబోమని రాతపూర్వకంగా చెప్పాలి. ఉన్నతి లాంటి పథకాలకు నూరు రోజుల నిబంధనను సడలించాలి. శిక్షణ సంస్థ పనితనాన్ని మూడు నెలలకు కాక ఏడాదికి కొలిస్తే, ఎందుకు వెనక్కి వస్తున్నారన్న ప్రశ్న వాళ్లంతట వాళ్లే అడగక తప్పదు. ఊరు వదలలేని ఆడవాళ్లకు బ్యాంకులు నడిపే ఆర్‌సెటీలు, అంటే గ్రామీణ స్వయం ఉపాధి శిక్షణ కేంద్రాలు, ఉన్నాయి. 1982లో కర్ణాటకలోని ఉజిరెలో మొదలైన రుడ్‌సెటీ అనే శిక్షణ సంస్థ నమూనా మీద వచ్చినవి అవి. కోర్సు అయ్యాక కూడా కొంతకాలం వెన్నంటి ఉండడం వాటిలో నాకు నచ్చిన గుణం.

ఆ అమ్మాయి ఇప్పుడు సంఘం అప్పుతో కొన్న మిషన్ మీద ఊళ్లోనే జాకెట్లు కుడుతోంది. పోయిన సంక్రాంతికి వాళ్లింటికి వెళితే, చెల్లెలికి మిషన్ నేర్పిస్తూ కనిపించింది. పాత నోటుబుక్కు కాగితం మీద పెన్సిలుతో సుడి గీసి, దారం లేని సూది కింద పెట్టింది. చెల్లెలిని కూడా శిక్షణకు పంపమన్నాను. వాళ్లమ్మ నాకు మంచినీళ్లిచ్చి, కార్డు గురించి అప్పుడడిగిన మాటే మళ్లీ అడిగింది. పోదని భరోసాగా చూపించడానికి నా దగ్గర ఈసారి కూడా ఏ కాగితమూ లేదు.