నాయన కాలిక్యులేటర్ మళ్లీ వెలిగింది

చిత్తూరు బెల్లం మండీలో నాయన ఏళ్ల తరబడి లెక్కలు చూసుకున్న మిషన్ ఇది. 1970ల నాటిది, పచ్చటి అంకెలు వెలిగే రకం. ఆన్ చేసే జరుపుడు స్విచ్ ఎప్పుడో మొరాయించింది. వేలితో అదిమి పట్టుకుంటే వెలిగేది, వదిలితే ఆరిపోయేది. రిపేరు షాపులో "బోర్డు పోయింటాది, పారేయండి" అన్నారు. నాకు మనసొప్పలేదు.

నిన్న రాత్రి విప్పాను. స్విచ్ ఆన్‌లో పెట్టి మల్టీమీటర్ (కరెంటు దారిని కొలిచే మీటర్) ఆనిస్తే, సున్నా దగ్గర నిలవాల్సిన ఓమ్‌లు, అంటే కరెంటుకు అడ్డు ఎంతో చూపే అంకెలు, ఎగిరెగిరి పడుతున్నాయి. అంటే రోగం స్విచ్‌దే! స్విచ్ తొడుగు రేకు చెవులు మెల్లగా ఎత్తి చూస్తే లోపల కాంటాక్టులు, అంటే ఒకదానికొకటి తగిలి కరెంటు కలిపే రేకులు, బొగ్గులా ఉన్నాయి. వెండిపూతకు గాలిలోని గంధకం తగిలి అలా నల్లబడుతుంది. ఇక్కడ ఉప్పుకాగితం మాత్రం వాడకండి, పూతే లేచిపోతుంది. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచిన దూదిపుల్లతో తుడిచాను. అరిగి చదునైన జారుడు రేకును సూదిమొనతో వెంట్రుకవాసి పైకి లేపాను.

పొద్దున నాయన చేతికిచ్చి, ఎనిమిది గళ్లూ నిండేలా 8 అంకెనే కొట్టించాను. ఒక్క గీత కూడా తప్పకుండా అన్నీ వెలిగాయి. "ఎలిగిందే రా!" అని, కళ్లజోడు సర్దుకుని, ఈ నెల పాల లెక్క మొదలుపెట్టాడు.