వీరావల్ బోటెక్కే ముందు తెలుసుకోవాల్సినవి, నా అనుభవం

మా శ్రీకాకుళం జిల్లాకి 193 కిలోమీటర్ల తీరం ఉంది కానీ నేను వేటకెళ్ళే రోజుల్లో పెద్ద బోట్లు కట్టుకునే హార్బర్ ఒక్కటీ లేదు. ఫైబర్ బోటుని ఇసకలోంచి భుజాలతో తోసి కెరటాలు దాటించాలి, కెరటం పెద్దగా ఉన్న రోజు వేట లేదు, వేట లేని రోజు చేతిలో డబ్బు లేదు. అందుకే ఎచ్చెర్ల, గార, రణస్థలం వైపు ఊళ్ళల్లోంచి కుర్రోళ్ళు ఆగస్టు వచ్చేసరికి బ్యాగులు సర్దుకుని గుజరాత్ రైలెక్కేస్తారు, వీరావల్, మంగ్రోల్, పోర్‌బందర్, ఓఖా ఎక్కడ బోటు దొరికితే అక్కడికి. నేనూ అలాగే వెళ్ళా, ఒక సీజన్ తర్వాత ఇంకో సీజన్, 2020 లాక్‌డౌన్ దాకా. ఇప్పుడు మా చిన్నాన్న కొడుకు, వాడి ఫ్రెండ్సూ "అన్నా వెళ్ళొచ్చా, పాకిస్తానోళ్ళు పట్టుకుపోతారంట కదా" అని ఒకటే అడుగుతున్నారు, ఒక్కొక్కడికీ ఫోన్లో చెప్పలేక మొత్తం రాసేస్తున్నా. పాకిస్తాన్ సంగతి కూడా చెప్తాను గానీ బోటు మీద మనిషి ప్రాణం మీదకి వచ్చేది ఎక్కువసార్లు దానివల్ల కాదు. తాడు, నిద్రలేమి, రాత్రిపూట బోటు అంచు, ఈ మూడిటివల్ల.

ముందు అడ్వాన్స్ గురించి. పడమటి తీరంలో వేట నిషేధం జూన్ 1 నుంచి జులై 31 దాకా, గుజరాత్‌లో అయితే ఈమధ్య ఆగస్టు 15 దాకా, మనవైపు ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా. అక్కడ బోట్లు ఒడ్డునున్న ఆ నెలల్లోనే బేరాలు జరుగుతాయి. బోటు నడిపే ఆయన్ని అక్కడ టండేల్ అంటారు, చాలా బోట్ల మీద టండేల్ కూడా మనూరి మనిషే ఉంటాడు, ఓనర్ దగ్గర డబ్బు తెచ్చి ఊళ్ళో కలాసీలకి, అంటే బోటు మీద పనిచేసే మనలాంటోళ్ళకి పంచుతాడు. ఆ డబ్బు పాత అప్పుకో, ఇంటి స్లాబుకో, చెల్లి పెళ్ళికో మనం రైలెక్కకముందే అయిపోతుంది, ఇంక సీజనంతా చేసే చాకిరీ తినేసిన డబ్బుకే. మధ్యలో ఒంట్లో బాలేదు వెళ్ళిపోతానంటే అడ్వాన్స్ కట్టి వెళ్ళమంటారు. నాకు మొదటి సీజన్లో నెలకి 10,000 లెక్కన మాట్లాడారు, కాగితం గీగితం ఏమీ లేదు, నోటిమాటే. నేను మాత్రం ఒక చిన్న నోట్‌బుక్ పెట్టుకుని ఇచ్చిన ప్రతి రూపాయీ టండేల్ ముందే రాసి ఆయనకి చూపించేవాడిని. నాకు వరసకి మావయ్యే ఆయన, మొదట్లో కోపమొచ్చింది, "ఏట్రా అల్లుడూ, నామీద నమ్మకం లేదేటి" అన్నాడు. సీజన్ చివర్లో ఓనరు లెక్క వేరేగా చెప్పినప్పుడు ఆయన కూడా ఆ నోట్‌బుక్కే అడిగి తీసుకున్నాడు.

బయల్దేరేముందు ఆధార్, బ్యాంకు పాస్‌బుక్, మత్స్యశాఖ వాళ్ళిచ్చే గుర్తింపు కార్డు, ఇవి ప్లాస్టిక్ కవర్లో పెట్టుకోండి, ఫోటోలు తీసి ఇంట్లో ఎవరి ఫోన్లో అయినా ఉంచండి. ఇంకోటి, మత్స్య సంపద యోజన కింద ప్రమాద బీమా ఉంది, వేటలో ప్రమాదం జరిగి చనిపోయినా, ఇంక ఏ పనీ చెయ్యలేనంత శాశ్వతంగా అవిటితనం వచ్చినా 5 లక్షలు, పాక్షికంగా అయితే రెండున్నర లక్షలు, ప్రీమియం మనం కట్టక్కర్లేదు ప్రభుత్వాలే కడతాయి, కానీ లిస్టులో పేరుండాలి. మావాళ్ళల్లో చాలామందికి పేరుందో లేదో కూడా తెలీదు. అక్కడికెళ్ళాక బోటు ప్రతి ట్రిప్పుకీ టోకెన్, అంటే సముద్రంలోకి వెళ్ళే అనుమతి చీటీ తీసుకుంటుంది, బోటు మీద ఎవరెవరున్నారో అందులో రాస్తారు. మీ పేరు, ఆధార్ నంబరు కరెక్టుగా పడిందో లేదో మీరే చూసుకోండి, ఎవరికో బదులు ఎక్కితే పాత మనిషి పేరే ఉండిపోతుంది, రేపు ఏదైనా జరిగితే మీరు ఆ బోటు మీద ఉన్నట్టు రుజువేంటి చెప్పండి.

రైలు ప్రయాణం గురించి చెప్పడానికేం లేదు, అహ్మదాబాద్‌లో మారి వెళ్ళాలి, జనరల్ బోగీ, నిలబడ్డానికి చోటు దొరికితే గొప్ప. మా అమ్మ నేను వెళ్ళిన ప్రతిసారీ గంగమ్మ తల్లికి కోడిని మొక్కుకునేది. అక్కడ ఓనర్లు ఎక్కువగా ఖార్వా కులం వాళ్ళు, వాళ్ళూ సముద్రాన్ని నమ్ముకున్నవాళ్ళే, శ్రావణ పౌర్ణమికి సముద్రంలో కొబ్బరికాయ వేసి పూజ చేస్తారు, మనం రాఖీ కట్టుకునే రోజే. కొబ్బరికాయ వెయ్యకుండా సముద్రంలోకి వెళ్ళకూడదని పెద్దోళ్ళ పట్టింపు, వానాకాలం పోటు కూడా అప్పటికే కాస్త తగ్గుతుంది కాబట్టి ఊరికే పెట్టిన ఆచారం కాదనిపిస్తుంది నాకు.

ఇంక అసలు పని. ట్రాలరు, అంటే వల ఈడ్చే పెద్ద బోటు మీద ఏడెనిమిది మంది ఉంటాం, ట్రిప్పు పదిహేను ఇరవై రోజులు. డీజిల్, బియ్యం, మంచినీళ్ళు, ఐసు ఎక్కించడంతోనే నడుం సగం పోతుంది. మంచినీళ్ళు తాగడానికీ వంటకే, స్నానం ఉప్పునీళ్ళతో, రెండో వారానికి చంకల్లో తొడల్లో ఒరిసిపోయి పుళ్ళు పడతాయి, కొబ్బరినూనె ఎక్కువ పట్టుకెళ్ళండి. మొదటి నాలుగైదు రోజులు వాంతులు ఎవరికైనా తప్పవు. ఇంటిదగ్గర చిన్నప్పట్నుంచి వేట చేసినోడికి కూడా, ఎందుకంటే మనవైపు పొద్దున్నే వెళ్ళి మధ్యాహ్నానికి వచ్చేస్తాం కదా, అక్కడ రాత్రీపగలూ అదే ఊపు. ఖాళీ కడుపుతో ఉంటే ఇంకా ఎక్కువ, గంజైనా తాగాలి.

వల దించి రెండు మూడు గంటలు ఈడుస్తారు, తర్వాత వించితో, అంటే తాడు చుట్టే మిషనుతో పైకి లాగి అడుగున ముడి విప్పితే మొత్తం డెక్కు మీద పడిపోద్ది. కందవాయిలు, రిబ్బన్ చేపలు, గొరకలు, రొయ్యలు, వాటితోపాటు సముద్రప్పాములు, జెల్లల ముళ్ళు, టేకు చేప తోక. వల మళ్ళీ నీళ్ళలోకి పోతుంది, మనం గొంతుకూర్చుని ఏరడం మొదలెడతాం. కందవాయి వేరు, రొయ్య వేరు, ఎందుకూ పనికిరాని చిన్నచేప వేరు, అది చేపల పొడి ఫ్యాక్టరీకి పోతుంది. ఏరి, కడిగి, గదిలో ఐసు వేసి పేర్చి పైకి వచ్చేసరికి ఇంకో గంట కూడా ఉండదు, మళ్ళీ వించి మోగుతుంది. పగలైనా రాత్రైనా ఇంతే. అంటే నిద్ర ముక్కలు ముక్కలుగా, ఒక్కసారి కూడా పూర్తిగా పట్టదు. పది రోజులకి మనిషి నడుస్తుంటాడు గానీ బుర్ర పనిచెయ్యదు, పిలిస్తే పలకడు, పలికినా ఏం పలికాడో తెలీదు. ప్రమాదాలు అప్పుడే జరుగుతాయి, ట్రిప్పు మొదట్లో అందరూ జాగ్రత్తగానే ఉంటారు.

వించి తాడు ఇనప తీగలతో పేనింది. పాతబడ్డాక ఒక్కో తీగ తెగి సూదిలా బయటికి పొడుచుకొస్తుంది, డ్రమ్ము తిరిగేటప్పుడు చేత్తో సర్దబోతే ఆ సూది గ్లవ్‌కి గుచ్చుకుని చెయ్యితో సహా లోపలికి లాగేస్తుంది. మా పక్క బోటులో ఒక అబ్బాయికి రెండు వేళ్ళు అలాగే పోయాయి, ఒడ్డుకి రావడానికి రోజున్నర పట్టింది, గుడ్డ కట్టి పసుపు అద్ది కూర్చోబెట్టారు, ఇంకేం చేస్తారు. చేతులకి గ్లవ్స్ ఉంటే మంచిదని అందరూ చెప్తారు, చేపలు ఏరేటప్పుడు కరెక్టే, వించి దగ్గర మాత్రం వదులుగా ఉన్న గ్లవ్స్, పొడుగు చేతుల చొక్కా, మెడలో తువ్వాలు, ఇవేవీ వద్దు. వల నోరు తెరిచి ఉంచడానికి రెండు పక్కలా బరువైన బోర్డులుంటాయి, అవి నీళ్ళలోంచి పైకొచ్చేటప్పుడు బోటు ఊగితే అవీ ఊగుతాయి, అడ్డంగా ఉన్నోడి పని అంతే. డెక్కు మీద చుట్టగా పడున్న తాడు మధ్యలో నిలబడకూడదు, వల దిగేటప్పుడు ఆ చుట్ట విప్పుకుంటూ కాలికి మెలేసుకుని మనిషిని నీళ్ళలోకి పట్టుకుపోద్ది. మా టండేల్ నోటంట రోజుకి పదిసార్లు వచ్చే మాట ఒకటే, "అల్లుడూ, కాలెక్కడెట్టావో చూడు."

రాత్రి అంచు అన్నాను కదా. చాలా బోట్ల మీద బాత్రూమ్ ఉండదు. అర్ధరాత్రి నిద్రమత్తులో లేచి వెనకపక్కకి వెళ్ళి ఒంటేలుకి నిలబడతాం, డెక్కు మీద చేపల జిగురు, ఒక్క కెరటానికి బోటు ఒరిగితే అయిపోయింది. ఇంజన్ మోతలో అరుపు వినపడదు. తెల్లారి టీ దగ్గర లెక్కపెట్టుకుంటే ఒకడు తక్కువ. మా బోటులో అలా జరగలేదు గానీ మా హార్బర్‌లో విన్నాం, మళ్ళీ మళ్ళీ విన్నాం. మేం చేసిందల్లా వెనకపక్క నడుమెత్తున ఒక తాడు బిగించి కట్టడం, రాత్రి ఎవరు లేచినా ఇంకొకణ్ణి తట్టి చెప్పి వెళ్ళడం. లైఫ్ జాకెట్లు బోటులో ఉంటాయి, మూటకట్టి క్యాబిన్ పైన, వేసుకుని పని చెయ్యడం కష్టమని ఎవడూ వేసుకోడు. రాత్రిపూటైనా వేసుకోండి, నవ్వేవాళ్ళు నవ్వుతారు.

ఇది చాలామందికి తెలీదు కాబట్టి చెప్తున్నా, చేపలు దాచే గదిలో ఐసు కరిగి కింద చేపలు కుళ్ళితే విషవాయువు తయారవుతుంది. మూత తీసిన వెంటనే దిగినోడు పడిపోతాడు, వాణ్ణి తియ్యడానికి దిగినోడూ పడిపోతాడు. మూత తీసి చాలాసేపు గాలి ఆడనిచ్చాకే దిగాలి, ఎవరైనా పడిపోతే ఊపిరి బిగబట్టి దూకేయకూడదు.

ఇప్పుడు పాకిస్తాన్. ఒడ్డు దగ్గర చేప తగ్గిపోయింది, అందుకే బోట్లు ఉత్తరానికి, కచ్‌లోని జఖౌ వైపు పోతాయి. అక్కడ సర్ క్రీక్ దగ్గర సరిహద్దు గొడవ ఇప్పటికీ తేలలేదు, నీళ్ళ మీద గీతేం ఉండదు, జీపీఎస్‌లో మాత్రమే కనపడుతుంది. వల కిందుండగా ప్రవాహం లాగేస్తే బోటు వెంటనే తిరగదు. 2018 నవంబరు చివర్లో మా జిల్లా, విజయనగరం జిల్లా వాళ్ళు ఇరవై మందికి పైగా ఇలాగే దొరికిపోయి కరాచీ జైల్లో ఉన్నారు, వాళ్ళల్లో ఇరవై మందిని 2020 జనవరిలో వాఘా దగ్గర వదిలారు, ఏడాది దాటిపోయింది. వాళ్ళు వచ్చేదాకా ఆ ఇళ్ళల్లో ఆడవాళ్ళు తిరగని ఆఫీసు లేదు. రెండు దేశాలూ జనవరి 1న, జులై 1న ఖైదీల లిస్టులు ఇచ్చిపుచ్చుకుంటాయి, ఇంటివాళ్ళు ఆ లిస్టులో పేరు కోసం చూస్తారు, టోకెన్లో పేరు సరిగ్గా ఉండాలని నేను పట్టుబట్టేది ఇందుకు కూడా. గీత ఎంత దూరంలో ఉందో టండేల్‌ని అడగడానికి మొహమాటపడొద్దు. ఎక్కువ చేప దొరుకుతుందని రిస్క్ తీసుకునే టండేల్ ఉంటాడు, ఊళ్ళో అడిగితే ఎవరు ఎలాంటోడో చెప్తారు, అడ్వాన్స్ తీసుకోకముందే కనుక్కోవాలి.

తుఫానంటే మనకి అక్టోబరు నుంచి డిసెంబరు గుర్తొస్తుంది, అక్కడ మే నెల కూడా నమ్మకూడదు, 2021 మే 17 రాత్రి తౌక్టే అక్కడే ఉనా దగ్గర తీరం దాటింది. రేడియోలో వెనక్కి రమ్మన్నప్పుడు ఐసు ఖర్చు గిట్టలేదని ఇంకో వల వేద్దామనే ఓనర్లుంటారు. కోస్ట్‌గార్డ్ నంబరు 1554, ఫోన్లో పెట్టుకోండి గానీ లోపలికెళ్ళాక సిగ్నల్ ఉండదు, వైర్‌లెస్ సెట్టు ఎలా వాడాలో టండేల్ ఒక్కడికే తెలిస్తే సరిపోదు, మీరూ నేర్చుకోండి. ఈమధ్య ఇస్రో తయారుచేసిన ట్రాన్స్‌పాండర్లు బోట్లకి ఉచితంగా బిగిస్తున్నారు, సిగ్నల్ లేకపోయినా ఆపదలో మెసేజ్ పోతుంది, అది ఉన్న బోటైతే మేలు.

2020 మార్చిలో లాక్‌డౌన్ పెట్టినప్పుడు మేం వీరావల్ హార్బర్‌లోనే ఇరుక్కుపోయాం. ఒడ్డుకి దిగనివ్వలేదు, పక్కపక్కనే కట్టిన బోట్లలోనే పడుకోవడం, ఎండకి డెక్కు కాలిపోయేది, నీళ్ళకోసం లైను. ఆంధ్రావాళ్ళం నాలుగు వేల మందికి పైగా ఉన్నాం. నెల రోజుల తర్వాత ఏప్రిల్ చివర్లో బస్సులు పెట్టి ఊళ్ళకి పంపారు. ఆ సీజన్ లెక్క పూర్తిగా తేలనే లేదు, మిగిలిన డబ్బులో కొంత ఫోన్లు చేసి చేసి రాబట్టుకున్నా, కొంత అలాగే పోయింది. ఆ తర్వాత నేను మళ్ళీ వెళ్ళలేదు, బావతో కలిసి ఫైబర్ బోటు మీద ఇక్కడే వేట.

చివరిగా వేట నిషేధం రోజుల్లో ప్రభుత్వం ఇచ్చే డబ్బులు. మన రాష్ట్రంలో 2019లో 10,000 చేశారు, 2025లో 20,000 ఇచ్చారు. నిషేధం మొదలైనప్పుడు ఒడ్డున లంగరేసిన బోట్ల దగ్గరికొచ్చి ఏ బోటు మీద ఎవరు పనిచేస్తున్నారో రాసుకుంటారు, గుజరాత్ బోటు మీదున్నోడి పేరు ఆ లెక్కలోకి ఎక్కదు, నాకు అన్ని సీజన్లూ పోయినట్టే. ఏప్రిల్ 15కి ముందే తిరిగొచ్చి ఇక్కడి బోటు మీద నిజంగా వేటకెళ్తున్నవాళ్ళయితే రాసేటప్పుడు దగ్గరుండండి, లిస్టు సచివాలయంలో అంటించాక పేరు, ఖాతా నంబరు చూసుకోండి, తప్పుంటే ఆ నాలుగు రోజుల్లోనే చెప్పాలి, తర్వాత ఎవరూ పట్టించుకోరు.