స్కోరు సరే, నోట్ చదివారా?

వైన్ రుచి చూసి రాసే క్రిటిక్‌లు ఒక స్కోరు వేస్తారు, పక్కనే రుచి ఎలా ఉందో ఒక నోట్ రాస్తారు. ఫ్రెంచ్ వైన్ కొనేటప్పుడు 95 అన్న అంకె కనబడగానే చెయ్యి కార్డు మీదికి పోతుంది. ఆ అంకె ఎవరు వేశారు, ఎప్పుడు వేశారు, పీపాలో ఉన్న వైన్‌కి వేశారా సీసాలో దిగిన వైన్‌కి వేశారా అన్నది తెలియనంత వరకు దాంతో పనేమీ జరగదు. వంద పాయింట్ల స్కేలు మొదలయ్యేదే 50 దగ్గర. పేరున్న వైన్లన్నీ దాదాపు 88కీ 98కీ మధ్యే ఇరుక్కుని ఉంటాయి కాబట్టి 92కీ 93కీ తేడా పట్టించుకోవాల్సినంత లేదు. బ్రిటిష్ క్రిటిక్ జాన్సిస్ రాబిన్సన్ 20కి మార్కులు వేస్తారు. ఆమె 17 ఇచ్చారంటే గట్టిగా మెచ్చుకున్నట్టే. దాన్ని అయిదుతో గుణించి 85 అనుకున్నారో, మంచి సీసాని చేజేతులా వదులుకున్నట్టు.

ఫ్రాన్స్‌లోని బోర్డో ప్రాంతపు వైన్ మీద మామూలు నోట్ ఇలా ఉంటుంది: “(94-96). బ్లాక్‌కరెంట్, సెడార్ చెక్క, పెన్సిల్ ములుకు. బిగువైన ట్యానిన్, తాజా పులుపు, నోట్లో చాలాసేపు నిలుస్తుంది. 2032-2050.” బ్రాకెట్లో రెండంకెలు ఉన్నాయంటే అది పీపాలోంచి తీసిన నమూనా మీద వేసిన అంచనా. సీసాలో దిగాక అదే క్రిటిక్ 93 వెయ్యొచ్చు, 97 కూడా వెయ్యొచ్చు. అమ్మేవాళ్లు మాత్రం పై అంకె ఒక్కటే పెద్దక్షరాల్లో వేస్తారు. ఇక పళ్ల పేర్లు. నోట్‌లో అందరి కళ్లూ పడేది వీటి మీదే, కొనడానికి పనికొచ్చేది మాత్రం తక్కువే. బ్లాక్‌కరెంట్, సెడార్ అన్నారంటే కాబర్నే సోవిన్యోన్ రకం ద్రాక్ష ఎక్కువగా ఉందని, ఓక్ పీపాల్లో పెరిగిందని ఊహించొచ్చు, అంతే. అసలు సరుకు ఆ తర్వాతి మాటల్లో ఉంది. ట్యానిన్ (వైన్‌కి వగరునిచ్చే పదార్థం) బిగువుగా ఉందన్నారు, తాగే కాలం 2032 నుంచి అన్నారు. అంటే అప్పటిదాకా ఆ సీసా తెరిస్తే నాలుక మీద వగరు తప్ప ఇంకేమీ తెలియదు. ఈ ఏడాదే తాగాలనుకునేవాళ్లకు దీనికంటే “ట్యానిన్ మెత్తబడింది, ఇప్పుడే బాగుంది” అన్న 90 పాయింట్ల వైన్ మేలు.

క్రిటిక్‌లు తిట్టాల్సినచోట కూడా మర్యాద పాటిస్తారు. “క్లాసిక్” అంటే చాలాసార్లు పంట అంత పండలేదని, పులుపు ముందుకొస్తుందని అర్థం. “ఉదారమైన”, “విలాసవంతమైన” అంటే ఆల్కహాల్ ఎక్కువ, పులుపు తక్కువ. ఎర్ర వైన్‌లో “పశువుల పాక”, “గుర్రపు జీను” వాసన అని రాస్తే బ్రెట్ అనే ఈస్ట్ చేసిన పని కావచ్చు. ఫ్రాన్స్‌లోని దక్షిణ రోన్ ప్రాంతపు వైన్లలో దాన్ని ఇష్టపడేవాళ్లూ ఉన్నారు, గిట్టనివాళ్లు ఆ సీసా జోలికే పోకూడదు. బర్గండీ ప్రాంతపు తెల్ల వైన్‌లో “గీసిన అగ్గిపుల్ల” అంటే రిడక్షన్, గాలి సరిగా తగలకుండా తయారైనప్పుడు వచ్చే గంధకపు వాసన. ఇది చాలావరకు కావాలని తెచ్చిన శైలే, గాలి తగిలితే కొంత తగ్గుతుంది.

ఏ క్రిటిక్‌ని నమ్మాలి? మీ నాలుకకు దగ్గరగా ఉన్నవాళ్లని. బోర్డోలోని షాటో పావీ ఎస్టేట్ 2003 వైన్ మీద అమెరికన్ క్రిటిక్ రాబర్ట్ పార్కర్ పొగడ్తలు కురిపించారు. అదే వైన్‌కి రాబిన్సన్ 20కి 12 వేశారు. ఇద్దరూ ఆరితేరినవాళ్లే. అది వడగాడ్పుల ఏడాది. బాగా పండిన, దట్టమైన వైన్ ఒకరికి గొప్ప, మరొకరికి లోపం. మీరు ఎటువైపో తేల్చుకోవడానికి మధ్యరకం ధరలో, ఇద్దరు ముగ్గురు క్రిటిక్‌లు రాసిన ఆరు సీసాలు తెచ్చుకోండి. లేబుళ్లు కప్పేసి రుచి చూసి, మీ వరస రాసుకున్నాకే వాళ్ల నోట్స్ తెరవండి. ఎవరి వరస మీదానికి దగ్గరగా ఉందో వాళ్లను అనుసరించండి. వరస పూర్తిగా తిరగబడిన క్రిటిక్ కూడా పనికొస్తారు, ఆయన ఎగతాళి చేసినవి మీకు నచ్చే అవకాశం ఉంది.

నోట్స్ నమ్మి డబ్బు ఎక్కువగా పోగొట్టుకునేది ఆన్ ప్రిమ్యూర్ దగ్గర, అంటే వైన్ ఇంకా పీపాలో ఉండగానే డబ్బు కట్టి కొనే పద్ధతిలో. శరదృతువులో కోసిన పంటను మరుసటి వసంతంలో పీపాల నుంచి రుచి చూపిస్తారు, క్రిటిక్‌లు రాస్తారు, ధరలు వస్తాయి. సీసాలు చేతికొచ్చేసరికి పంట నుంచి రెండేళ్లు దాటుతుంది. చెప్పే ధరలో పన్ను ఉండదు. సీసా 60 యూరోల చొప్పున డజను అంటే 720, దానిమీద ఫ్రాన్స్‌లో 20 శాతం వ్యాట్ 144, మొత్తం 864. అంటే సీసా 72, రవాణా ఖర్చు వేరే. ఇప్పుడు అదే షాటో పాత వింటేజ్‌లలో (పంట ఏడాదుల్లో), అదే క్రిటిక్ సీసాలోంచి రుచి చూసి దాదాపు అంతే స్కోరు ఇచ్చినది పన్నుతో కలిపి 70కి దొరుకుతుంటే, రెండేళ్ల ముందే డబ్బు కట్టడం దేనికి? మధ్యలో వర్తకుడు దివాలా తీస్తే కట్టింది కూడా గోవిందా. మ్యాగ్నమ్‌లు (రెండు సీసాలంత పెద్ద సీసాలు) కావాలన్నా, తర్వాత దొరకని చిన్న ఎస్టేట్ వైన్ కావాలన్నా తప్ప ఈ దారి పట్టకపోవడమే మంచిదని నా లెక్క. షాటో లాటూర్ అయితే 2012లోనే ఈ పద్ధతి మానేస్తున్నట్టు ప్రకటించింది.

బర్గండీ వేరే లోకం. క్లో ద వూజో సుమారు 50 హెక్టార్ల తోట, దానికి యజమానులు ఎనభై మంది దాకా. ఒకరి వైన్ మీద రాసిన నోట్ పక్క వరసలోని మరొకరి వైన్‌కి వర్తించదు. కాబట్టి ఇక్కడ తోట పేరుకంటే ముందు తయారీదారు పేరు చూడాలి. పేర్లతో ఇంకో చిక్కుంది. జెవ్రే ఊరు 1847లో తన గొప్ప తోట షాంబర్టాన్ పేరును తగిలించుకుంది. జెవ్రే-షాంబర్టాన్ అంటే మామూలుగా ఊరి వైన్, షాంబర్టాన్ అంటే గ్రాన్ క్రూ, బర్గండీ తోటల్లో అన్నిటికంటే పై తరగతి. వేలంలో తొందరపడేవాళ్లు తడబడేది ఇలాంటిచోటే. పైగా క్రిటిక్ మెచ్చిన గ్రాన్ క్రూ, నోట్ అచ్చయ్యేలోపే అమ్ముడైపోతుంది. ఆ నోట్స్‌ని వరసగా నాలుగైదు వింటేజ్‌లకు చదివి, ఎవరు నిలకడగా చేస్తున్నారో పట్టుకుని, వాళ్ల మామూలు బూర్గోన్ రూజ్ (ప్రాంతం పేరుతోనే వచ్చే ఎర్ర వైన్) కొనడం తెలివైన పని. తెల్ల బర్గండీకి మాత్రం క్రిటిక్ ఇచ్చిన తాగే కాలంలో మొదటి సగాన్నే నమ్మండి. 1990ల మధ్య వింటేజ్‌ల నుంచి అకాలంగా ముదిరిపోయిన సీసాలు చాలానే బయటపడ్డాయి.

వింటేజ్ లేని షాంపేన్ అయితే నోట్‌లో డిగోర్జ్‌మెంట్ తేదీ వెతకండి, అంటే సీసాలోని ఈస్ట్ మడ్డి తీసేసి చివరి కార్క్ బిగించిన తేదీ. ఒకే లేబుల్ కింద ఏటా వేరే మిశ్రమం వస్తుంది, తేదీ లేని నోట్ మీ చేతిలోని సీసాదో కాదో తెలియదు.

పాత సీసా కొనేటప్పుడు క్రిటిక్ పాత్ర ఇంకా తగ్గుతుంది. వాళ్లు తాగింది షాటో సెల్లార్ దాటని సీసా కావచ్చు, మీది ఎన్ని గిడ్డంగులు తిరిగొచ్చిందో. సీసా ఫొటో అడగండి. ఇరవై ఏళ్ల బోర్డోలో వైన్ మెడ దాకా ఉంటే బాగుంది, భుజం (మెడ కింది వంపు) పై అంచు దగ్గరున్నా ఫరవాలేదు. భుజం మధ్యకి దిగితే గాలి లోపలికి వెళ్లినట్టే, స్కోరు 100 అయినా వద్దు. క్యాప్సూల్ (సీసా మూతి మీది రేకు) కింద జిగట మరకలున్నా, కార్క్ పైకి తోసుకొచ్చినా అది వేడి తగిలిన సీసా. 12-13 డిగ్రీల్లో నిలవ ఉంచామంటే సరిపోదు, ఎక్కడ ఎన్నేళ్లు ఉంచారో రాసిమ్మనండి. వేలంలో పలికిన ధర మీద వేలం సంస్థ కమిషన్ కూడా కలుస్తుంది, 20 శాతం దాటడం మామూలే. ఎంతవరకు పాడాలో ఆ మొత్తం కలుపుకునే లెక్క వేసుకోవాలి.

పెట్టె ఇంటికొచ్చాక తెరిచిన మొదటి సీసా నోట్‌తో సరిపోకపోతే వెంటనే క్రిటిక్‌ని తిట్టకండి. తడిసిన అట్టముక్క వాసన వస్తే అది కార్క్ దోషం, ఆ ఒక్క సీసాదే. కార్క్ పారేయకుండా, మిగిలిన వైన్ సీసాలోనే ఉంచి అమ్మినవాళ్లకు చూపించండి.