అమ్మమ్మగారి ఇంటి అవతల ఉన్న దేశం

అమెరికాలో పెరుగుతున్న మన పిల్లలు సెలవుల్లో ఇండియా చూసి వచ్చామని చెప్పినప్పుడు, వాళ్ళు చూసింది చాలావరకు అమ్మమ్మగారి ఇల్లు, నాయనమ్మగారి ఇల్లు, హైదరాబాదులో రెండు మూడు మాల్స్, తిరుమల కొండ మాత్రమే. బంధుత్వమంటే ఏమిటో వాళ్ళకు ఆ ఇళ్ళలోనే తెలియాలి కనుక ఆ రోజులకు లోటు చేయకూడదు. అయితే 28 రాష్ట్రాలు, 8 కేంద్రపాలిత ప్రాంతాలు, రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులో 22 భాషలు ఉన్న దేశాన్ని ఆ ఇళ్ళ కిటికీల్లోంచి మాత్రమే చూసిన పిల్లలకు, డల్లాస్‌లో తమ తరగతిలోని పంజాబీ పిల్లవాడూ మలయాళీ అమ్మాయీ చెప్పే ఇండియా ఏదో పరాయి దేశంలా వినిపిస్తుంది. అందుకే వెళ్ళిన ప్రతిసారీ తెలుగు రాష్ట్రాల బయట కనీసం ఒక్క ఊరికైనా పిల్లలను తీసుకువెళ్ళాలనీ, అందుకు వాళ్ళను ఇక్కడి నుంచే సిద్ధం చేయాలనీ నేను గట్టిగా నమ్ముతాను.

కాగితాల సంగతి క్లుప్తంగా చెబుతాను. భారతదేశం ద్వంద్వ పౌరసత్వాన్ని అంగీకరించదు కాబట్టి అమెరికా పౌరులైన పిల్లలకు ఓసీఐ కార్డు (విదేశీ పౌరులైన భారత సంతతివారికి ఇచ్చే కార్డు) గానీ వీసా గానీ ఉండాలి. పదహారేళ్ళలోపు పిల్లల అమెరికా పాస్‌పోర్టు ఐదేళ్ళకే ముగుస్తుంది. కొత్తది వచ్చినప్పుడల్లా దాని ప్రతినీ ఫొటోనూ ఓసీఐ వెబ్‌సైటులో ఎక్కించాలి. అరుణాచల్ ప్రదేశ్ వంటి చోట్లకు ఓసీఐ ఉన్నా విడిగా అనుమతి తీసుకోవాలి.

ఆరోగ్యం విషయంలో మాత్రం క్లుప్తత పనికిరాదు. మనం పుట్టి పెరిగిన ఊరే కదా, ఏమవుతుందిలే అన్న ధీమాతో చాలామంది డాక్టరును సంప్రదించకుండానే విమానం ఎక్కుతారు. ఆ ఊరి నీటితో మనకున్న పరిచయం అక్కడ పుట్టని పిల్లలకు లేదు. అమెరికాలో నమోదయ్యే టైఫాయిడ్ కేసుల్లో ఎక్కువ భాగం ప్రయాణాల్లో సోకేవే, అందులోనూ బంధువులను చూడటానికి దక్షిణాసియా వెళ్ళివచ్చిన కుటుంబాల వాటా పెద్దది. టైఫాయిడ్ టీకా ఇక్కడి పిల్లలకు మామూలుగా వేసే టీకాల జాబితాలో ఉండదు. మనమే అడిగి వేయించుకోవాలి. రెండేళ్ళు నిండిన పిల్లలకు ఆ ఇంజెక్షన్ ప్రయాణానికి కనీసం రెండు వారాల ముందు పడాలి. మలేరియా మందుల గురించి కూడా అప్పుడే అడగడం మంచిది. వీధికుక్కలను ముద్దు చేయవద్దని పిల్లలకు ముందే చెప్పాలి. కుక్క కరిచినా, గీరినా ఆ చోటును వెంటనే సబ్బుతో పదిహేను నిమిషాలపాటు కడిగి, అదే రోజు ఆసుపత్రికి తీసుకువెళ్ళాలి.

మన పిల్లల వేసవి సెలవులూ అక్కడి నైరుతి రుతుపవనాలూ ఒకే కాలంలో వస్తాయి. జూన్ నుంచి ఆగస్టు వరకు ముంబై, కేరళ తడిసి ముద్దవుతుంటే లడఖ్‌కు వెళ్ళడానికి అదే అనువైన కాలం. లేహ్ పట్టణం సుమారు 3,500 మీటర్ల ఎత్తున ఉంది కనుక అక్కడ మొదటి రెండు రోజులు పిల్లలను పరుగులు పెట్టనివ్వకూడదు. డిసెంబరులో వెళ్ళేవారు ఢిల్లీ పొగమంచుకు విమానాలూ రైళ్ళూ ఆలస్యమవుతాయని గుర్తుంచుకుని, మధ్యలో ఒక రోజు ఖాళీగా ఉంచుకోవడం మేలు.

దేశం ఎంత విశాలమో పిల్లలకు అర్థం కావాలంటే విమానం కంటే పగటి రైలు మంచిది. మేము సికింద్రాబాదు నుంచి సోలాపూర్ వెళ్ళాము. తాండూరు వరకు స్టేషన్ బోర్డుల మీద తెలుగు ఉంటుంది. ఆ తరువాత కర్ణాటక మొదలై సేడం, వాడి, కలబురగి బోర్డులు కన్నడంలో కనిపిస్తాయి. సోలాపూర్ చేరేసరికి అక్షరాలు మరాఠీవి అవుతాయి. ఆదివారం తెలుగు బడిలో అక్షరాలు నేర్చుకున్న మా అమ్మాయి, కన్నడ బోర్డులను సగం పోలికతో, సగం ఊహతో కూడబలుక్కుని చదువుతూ కిటికీ వదలలేదు. 1956కు ముందు కలబురగి కూడా హైదరాబాదు రాష్ట్రంలోనిదేనని అప్పుడు చెబితే, సరిహద్దులనేవి మారుతుంటాయన్న సంగతి తనకు వెంటనే అర్థమైంది.

సోలాపూర్‌కు ప్రత్యేకంగా వెళ్ళడానికి కారణం అక్కడి పద్మశాలీలు. తెలంగాణ పల్లెల నుంచి బతుకుతెరువు వెతుక్కుంటూ వెళ్ళి, ఆ ఊళ్ళో మగ్గాలు పెట్టుకుని స్థిరపడిన కుటుంబాలు వాళ్ళవి. దుప్పట్లూ తువ్వాళ్ళూ నేసే ఒక ఇంట్లో మా అమ్మాయి ఈడు పిల్ల ఒకతె నాయనమ్మతో తెలుగులో, బేరానికి వచ్చినవారితో మరాఠీలో, ఆటోవాలాతో హిందీలో మాట్లాడుతోంది. చదువంతా మరాఠీ బడిలో కావడంతో ఆ పిల్లకు తెలుగు చదవడం రాదు. గోడకు తెలుగు క్యాలెండర్ ఉంది. నాయనమ్మకు కళ్ళు సరిగా కనిపించక ఏకాదశి ఎప్పుడని అడిగితే, డల్లాస్ నుంచి వెళ్ళిన మా అమ్మాయి వేలు పెట్టి చదివి చెప్పింది. రెండు భాషల మధ్య పెరగడం తన ఒక్కదాని ఇబ్బంది అనుకునే పిల్లకు, ఆ దేశంలో కోట్లమంది పిల్లలు అలాగే పెరుగుతున్నారని ఆ ఇంట్లో తెలిసింది; నేను ఇన్నేళ్ళుగా చెప్పిన మాటలేవీ అంత పని చేయలేదు. ఖరగ్‌పూర్‌లోనూ, ఒడిశాలోని బరంపురంలోనూ, బెంగళూరులోనూ ఇలాంటి తెలుగు ఇళ్ళు ఎన్నో ఉన్నాయి. వెతికితే మన బంధువులే ఎవరో ఒకరు అక్కడ ఉంటారు.

పద్ధతులు చోటుకొక తీరుగా ఉంటాయని కూడా ముందే చెప్పాలి. అమృత్‌సర్ స్వర్ణదేవాలయంలో ఆడా మగా అందరూ తల కప్పుకుని, కాళ్ళు కడుక్కుని లోపలికి వెళ్ళి, లంగర్‌లో, అంటే అందరికీ ఉచితంగా అన్నం పెట్టే భోజనశాలలో, నేల మీద వరుసగా కూర్చుని భోజనం చేస్తారు. తిరువనంతపురం పద్మనాభస్వామి గుడిలో మగవారు చొక్కా తీసి పంచెతో వెళ్ళాలి. మేఘాలయలోని ఖాసీ తెగవారిలో వంశం తల్లి వైపు నుంచి సాగుతుంది, పూర్వీకుల ఆస్తి సాధారణంగా చిన్న కూతురికి చెందుతుంది. మన ఇంట్లో జరిగేదే భారతీయ సంస్కృతి అని పిల్లలకు నేర్పి పంపితే, అక్కడ కనిపించే ప్రతిదీ వాళ్ళకు తప్పుగానే తోస్తుంది.

ఒక ప్రశ్నకు మాత్రం పెద్దలు తప్పించుకోకుండా సిద్ధపడాలి. రైల్లో ఎదురుగా కూర్చున్న పెద్దావిడ ఆప్యాయంగా అరటిపండు పెట్టి, ఊరూ పేరూ అడిగి, చివరకు "ఇంతకీ మీరేవిట్లు?" అని అడిగింది. ఆవిడ ఏమి అడిగిందని మా అమ్మాయి నన్ను అడిగితే, కులం అడిగిందని ఉన్నది ఉన్నట్టు చెప్పాను. రాజ్యాంగం 17వ అధికరణం అంటరానితనాన్ని రద్దు చేసిందనీ, అయినా పెళ్ళిళ్ళ నుంచి అద్దె ఇళ్ళ వరకు ఈ ప్రశ్న ఇంకా నడుస్తోందనీ, డల్లాస్‌లోని మన సంఘాలు కూడా దానికి అతీతం కావనీ చెప్పాను. ఎవరైనా మళ్ళీ అడిగితే మా తాతగారిది తెనాలి అని మర్యాదగా చెప్పి ఊరుకోవచ్చనీ, అంతకు మించి జవాబు చెప్పవలసిన బాధ్యత తనకు లేదనీ అన్నాను.